ఇంట్లో కూర్చుని ఇరాన్ సినిమాలు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇరాన్ సినిమా అనగానే అవార్డు సినిమా, నిద్రొస్తుంది అని తీసిపారేసేవాళ్లే ఎక్కువ. వరస తప్పి చూస్తే నిజంగానే నిద్రొస్తుంది. మన తిరుపతి థియేటర్లలో ఇవి ఎలాగూ ఆడవు, ఇంట్లో టీవీ ముందో యూనివర్సిటీ హాస్టల్లో లాప్‌టాప్ ముందో కూర్చోవాల్సిందే కాబట్టి, వరసైనా సరిగ్గా పెట్టుకోండి.

మొదట మజీద్ మజీదీ 1997లో తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్'. చెల్లెలి బూట్లు కుట్టించి తెస్తూ దారిలో పోగొట్టుకున్న పిల్లోడు, నాన్న దగ్గర డబ్బుల్లేవని తెలిసి ఇంట్లో చెప్పడు. ఇక వాడి బూట్లే ఇద్దరికీ, పొద్దున ఆ పిల్లకి, మధ్యాహ్నం వీడికి. బడి వదలగానే ఆ పిల్ల సందుల్లో పరిగెత్తుకొస్తుంటే మనకు పుట్టే టెన్షన్ ఏ ఫైట్ సీన్లోనూ ఉండదు. విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ నామినేషన్ దక్కిన మొదటి ఇరాన్ సినిమా ఇదే.

సబ్‌టైటిల్స్ ఎక్కువగా ఇంగ్లీషులోనే దొరుకుతాయి. ఇంట్లో అవ్వ ఉంటే ఒకరు పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ పోండి, అవసరమైతే ఆపి చెప్పండి. మా అవ్వకు అలా చెప్తుంటే "వాళ్ల నాయనకు చెప్పేస్తే పోలా?" అని మధ్యలో అడ్డుపడుతూనే ఉంటుంది, అదీ బాగానే ఉంటుంది.

రెండోది చూసేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. 1979 విప్లవం తర్వాత అక్కడి సెన్సార్ రూల్స్ ప్రకారం తెరమీద ఆడవాళ్లు ఇంట్లో ఉన్న సీన్లో కూడా తల కప్పుకోవాలి, భార్యాభర్తలుగా నటించేవాళ్లు కూడా ఒకరినొకరు తాకకూడదు. పిల్లల కథలు అంత ఎక్కువ రావడానికి ఇదొక కారణం. ఇంకోటి, పిల్లల కోసం 1965లో పెట్టిన 'కానూన్' అనే సంస్థ; పేరున్న దర్శకుడు అబ్బాస్ కియారొస్తమీ సినిమాలు తీయడం మొదలుపెట్టింది అక్కడే.

ఇప్పుడు అస్ఘర్ ఫర్హాదీ 'ఎ సెపరేషన్' (2011) పెట్టండి. భార్య దేశం వదిలి వెళ్దామంటుంది, భర్త మతిమరుపు జబ్బుతో ఉన్న తండ్రిని వదిలి రానంటాడు. ముసలాయన్ని చూసుకోవడానికి వచ్చిన పనిమనిషి, ఆయన బట్టలు తడిపేసుకుంటే మార్చడం పాపమా కాదా అని మతం సంగతులు చెప్పేవాళ్లకు ఫోన్ చేసి అడుగుతుంది. అక్కడ మీ ఫోన్ పక్కన పెట్టేయండి, ఒక్క మాట మిస్సయినా తర్వాత వచ్చే కోర్టు గొడవ అర్థం కాదు.

కియారొస్తమీ 'టేస్ట్ ఆఫ్ చెర్రీ' మాత్రం వీటి తర్వాతే. చావాలనుకున్న మనిషి కారులో తిరుగుతుంటాడు, అంతే కథ. 1997లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి పామ్ దోర్ వచ్చింది కదా అని దీంతోనే మొదలుపెడితే అరగంటకే కునుకు ఖాయం.

చివరగా దర్శకుడు జాఫర్ పనాహీ. 2010లో ఆయన్ని 20 ఏళ్లు సినిమా తీయొద్దని శిక్షించారు. ఆయన ఆగలేదు, 2025లో కాన్‌లో అదే పామ్ దోర్ కూడా అందుకున్నాడు. ఆయనవి 'టాక్సీ' (2015)తో మొదలుపెట్టండి. తనే డ్రైవర్‌గా కూర్చుని, కారులోనే కెమెరాలు పెట్టుకుని టెహ్రాన్ అంతా తిప్పుతాడు, దొంగ డీవీడీలు అమ్మేవాడు కూడా ఎక్కుతాడు. 82 నిమిషాలే, రాత్రి అన్నం తిని తొమ్మిదిన్నరకు పెట్టినా పదకొండుకల్లా అయిపోతుంది.