అంబాసిడర్ డ్రమ్ బ్రేకుల్లో లోపాన్ని చక్రం విప్పకముందే పట్టుకోవడం ఎలా?

పాత అంబాసిడర్‌కు బ్రేకు సరిగా పట్టడం లేదనగానే నాలుగు చక్రాలూ విప్పి, లైనర్లు (డ్రమ్‌కు రాసుకొని పట్టు ఇచ్చే పొరలు), వీల్ సిలిండర్లు (ఆయిల్ ఒత్తిడితో వాటిని డ్రమ్ మీదికి తోసేవి) అన్నీ ఒకేసారి మార్చేయడం చాలా షెడ్లలో అలవాటు. అంత ఖర్చు పెట్టాక కూడా కారు ఒక పక్కకు లాగుతూనే ఉంటే తప్పు ఎక్కడ మిగిలిందో తేల్చడం కష్టమవుతుంది, ఎందుకంటే లోపాన్ని చూపించగలిగిన ఆనవాళ్లు పాత సామానుతో పాటే చెత్తలోకి వెళ్లిపోయి ఉంటాయి. కాబట్టి పెడల్ ఎలా కదులుతోంది, ఏ డ్రమ్ ఎంత వేడెక్కుతోంది అన్నవి ముందుగా చూసి, అనుమానం ఒకటి రెండు భాగాల మీదికి వచ్చాకనే పానా పట్టుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాపై పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన ఈ కారుకు పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉంటాయి, అంటే చక్రంతో పాటు తిరిగే డ్రమ్‌కు లోపలి నుంచి, లైనర్ బిగించిన వంపు పలకలు (షూలు) ఒత్తుకొని దాన్ని ఆపుతాయి. ముందు చక్రాలకు ఒక్కొక్కదానికి రెండేసి వీల్ సిలిండర్లు ఉండి, చక్రం ముందుకు తిరిగేటప్పుడు రెండు షూలనూ ఆ తిరుగుడే డ్రమ్‌లోకి మరింత లాగుతుంది. కారు వెనక్కి జారేటప్పుడు ఈ సహాయం ఉండదు కనుక, ఎత్తులో నిలిపిన బండి వెనక్కి పోతుంటే పెడల్‌ను ఎక్కువ బలంగా తొక్కవలసి రావడం లోపం కాదు. అదేవిధంగా బూస్టర్ (కాలి బలాన్ని పెంచే పరికరం) లేని మోడళ్లలో పెడల్ గట్టిగా ఉండడం సహజమే. ఈ రెండింటినీ రోగాలనుకొని వైద్యం మొదలుపెట్టకూడదు.

మొదటి పరీక్షను ఇంజన్ ఆపి, బండి నిలిపి ఉంచి చేయాలి. పెడల్ మొదటిసారి చాలా లోతుకు వెళ్లి, వెంటవెంటనే రెండు మూడు సార్లు తొక్కగానే పైకి వచ్చి గట్టిపడితే, షూలకూ డ్రమ్‌కూ మధ్య ఖాళీ పెరిగిందని, అంటే అడ్జస్ట్‌మెంట్ చాలునని అర్థం చేసుకోవచ్చు. స్పాంజి మీద కాలు పెట్టినట్టు మెత్తగా ఉంటే పైపుల్లో గాలి చేరింది. గట్టిగానే ఉన్న పెడల్ మీద ఒక నిమిషం పాటు ఒకే ఒత్తిడి ఉంచినప్పుడు అది మెల్లమెల్లగా కిందికి దిగిపోతే, ఎక్కడో బ్రేక్ ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చేది) లోపలి రబ్బరు కప్పు అరిగి ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తోంది. బయట ఎక్కడా తడి కనబడక, డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గకుండా ఉంటే రెండోదే కారణం. పాత కార్లలో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ మార్గం కనుక, ఇలా దిగిపోయే పెడల్‌తో పక్క వీధి దాకా కూడా బండి తీయకూడదు.

పెడల్ బాగానే ఉందనుకుంటే రెండో పరీక్షకు వెళ్లాలి. రద్దీ లేని రోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లు నడిపి, మధ్యమధ్య మామూలుగా బ్రేకు వేసి, ఆపిన వెంటనే నాలుగు చక్రాల దగ్గరా వేడిని పోల్చి చూడాలి. డ్రమ్‌ను తాకితే చేయి కాలుతుంది కాబట్టి అరచేతిని దగ్గరగా ఉంచి చూస్తే చాలు. ఎడమ, కుడి ముందు చక్రాలు దాదాపు సమానంగా వేడెక్కాలి, వెనకవి కొంత తక్కువ వేడితో తమలో తాము సమానంగా ఉండాలి. చల్లగా మిగిలిన చక్రంలో బ్రేకు పని చేయడం లేదు, జతలో రెండోదాని కంటే బాగా వేడెక్కిన దానిలో బ్రేకు వదలడం లేదు.

ఒక పక్కకు లాగే జబ్బులో చాలామంది పొరబడేది ఇక్కడే. కారు ఎడమకు లాగుతోందంటే ఎడమ బ్రేకు చెడిందనుకుంటారు, కానీ బండి ఎప్పుడూ బ్రేకు బాగా పట్టే వైపుకే తిరుగుతుంది, కాబట్టి ముందుగా అనుమానించవలసింది కుడి చక్రాన్ని. అక్కడ లైనర్ ఆయిల్‌తో తడిసి ఉండవచ్చు, సిలిండర్‌లో పిస్టన్ తుప్పుతో బిగుసుకొని ఉండవచ్చు, లేదా రెండు షూలలో ఒకటే అడ్జస్ట్ అయి ఉండవచ్చు. అంతకన్నా ముందు రెండు ముందు టైర్లలోనూ గాలి సమానంగా ఉందో లేదో చూడడం మరచిపోకూడదు.

బ్రేకు వదలకపోవడం అన్నింటిలోనూ చిక్కైన సమస్య. ఒకసారి నా బండికి ముందు కుడి చక్రం పట్టేస్తోందని రెండు వీల్ సిలిండర్లూ మార్పించినా, అరగంట ప్రయాణం తరువాత అది మళ్లీ కాలిపోయేంత వేడెక్కింది. చివరికి దోషం రబ్బరు హోస్ పైపులో తేలింది. పైకి కొత్తదానిలా కనబడుతున్నా లోపలి పొర ఉబ్బి, కాలు తొక్కినప్పుడు ఆయిల్‌ను పోనిస్తూ, కాలు తీశాక వెనక్కి రానివ్వడం లేదు. ఈ లోపాన్ని పట్టడానికి నేను ఇప్పుడు పాటించే పద్ధతి ఇది. చక్రం బిగుసుకొని ఉండగానే జాకీ మీద లేపి, స్టాండు పెట్టి, బ్లీడర్ నిపిల్‌ను (చక్రం దగ్గర ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మూతను) కొద్దిగా వదులు చేయాలి. కొంచెం ఆయిల్ ఒలకడం మామూలే, చక్రం తేలికగా తిరగడం మొదలైందా అన్నదే చూడాలి. తిరగకపోతే లోపం డ్రమ్ లోపల, అంటే బిగుసుకున్న పిస్టన్‌లోనో, సాగిపోయిన స్ప్రింగులలోనో, వెనక చక్రమైతే హ్యాండ్ బ్రేక్ కేబుల్‌లోనో ఉంది. తిరిగితే ఒత్తిడి పైపుల్లో చిక్కుకుందన్నమాట. అప్పుడు నిపిల్ బిగించి, పెడల్ తొక్కి వదిలి, ఈసారి హోస్‌కు బాడీ వైపున్న ఇనుప పైపు నట్టును వదులు చేయాలి. అయినా చక్రం బిగుసుకునే ఉంటే హోసే దోషి, తేలికపడితే మాస్టర్ సిలిండర్ వైపు చూడాలి. వెనక యాక్సిల్‌కు ఒకే హోస్ ఉంటుంది కనుక వెనక రెండు చక్రాలూ కలిసి పట్టేస్తే దానినే ముందు అనుమానించాలి. నాలుగూ కలిసి పట్టేస్తే మాత్రం పెడల్‌కు ఫ్రీ ప్లే (ఒత్తిడి మొదలయ్యే ముందు ఉండే కొద్దిపాటి వదులు) ఉందో లేదో చూడాలి. అది లేకపోతే మాస్టర్ సిలిండర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక, ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లే సన్నని రంధ్రం మూసుకునే ఉండిపోతుంది.

డ్రమ్ తీయవలసి వచ్చినప్పుడు ఒక పక్కే తీసి, స్ప్రింగులు ఎలా తగిలించాలో చూసుకోవడానికి రెండో పక్కను కదపకుండా ఉంచాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున దుమ్మును గాలి కొట్టి ఊదడం ఊపిరితిత్తులకు ప్రమాదకరం. మాస్కు పెట్టుకొని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. లోపల జిడ్డు కనబడితే దాని మీద కాసిని నీళ్లు పోసి చూడాలి. నీళ్లలో కలిసిపోతే అది వీల్ సిలిండర్ నుంచి కారిన బ్రేక్ ఆయిల్, నీళ్లు జారిపోతే వెనక చక్రంలో యాక్సిల్ సీలు దాటి వచ్చిన గేర్ ఆయిల్ లేదా ముందు హబ్ గ్రీజు. గేర్ ఆయిల్ అయితే సీలు మార్చడంతో పాటు యాక్సిల్ మీది గాలి రంధ్రం మట్టితో పూడుకుపోయిందేమో చూడాలి, లేకపోతే కొత్త సీలు కూడా నిలవదు. ఆయిల్ పీల్చిన లైనర్‌ను పెట్రోలుతో కడిగి మళ్లీ వాడుకోవచ్చని చెప్పేవారి మాట వినవద్దు, వేడెక్కగానే ఆ ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. లైనర్లను ఎప్పుడూ ఒకే యాక్సిల్ రెండు పక్కలా కలిపి మార్చాలి.

బ్రేకు వేసినప్పుడు పెడల్ కాలి కింద కొట్టుకుంటే డ్రమ్ గుండ్రతనం పోయింది, లేత్ మీద తిప్పించాలి, మరీ పలచబడితే మార్చాలి. గీసుకునే శబ్దం వస్తే లైనర్‌ను షూకు బిగించే రివెట్లు డ్రమ్‌ను తాకుతున్నాయేమో వెంటనే చూడాలి.

అడ్జస్ట్‌మెంట్‌లో ముందు చక్రానికి రెండు షూలకూ విడివిడిగా అడ్జస్టర్లు ఉంటాయని గుర్తుంచుకోవాలి. ఒక్కొక్కదాన్నీ చక్రం ఆగేదాకా బిగించి, తేలికగా తిరిగేదాకా క్రమంగా వదులు చేయాలి. వెనక షూలు సరిచేసిన తరువాతే హ్యాండ్ బ్రేక్ కేబుల్ జోలికి వెళ్లాలి. షూల ఖాళీని కేబుల్ బిగించి దాచడం వల్ల వెనక చక్రాలు పట్టేసిన బండ్లను చాలా చూశాను. పైపుల్లోని గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి, వెనక కుడి, ముందు ఎడమ, చివరగా ముందు కుడి వరుసలో చేయాలి. డాట్ 3 లేదా డాట్ 4 తరగతి బ్రేక్ ఆయిల్ తప్ప ఇంజన్ ఆయిల్ చుక్క కూడా ఇందులో పడకూడదు, పడితే రబ్బరు కప్పులన్నీ ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 సెల్సియస్ డిగ్రీల దాకా మరగని డాట్ 3 తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు కాబట్టి, రెండేళ్లకు ఒకసారి మొత్తం మార్చడం మంచిది.

పని పూర్తయ్యాక ముందు ఖాళీ స్థలంలో నెమ్మదిగా, తరువాత రోడ్డు మీద పరీక్షించి, డ్రమ్‌ల వేడిని మళ్లీ పోల్చి చూడాలి. శ్రీశైలం, తిరుమల వంటి ఘాట్ రోడ్లు దిగేటప్పుడు డ్రమ్ వేడికి వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, లైనర్ పట్టు కూడా తగ్గుతుంది. కాబట్టి మొదటి మలుపుకు ముందే సెకండ్ గేరులోకి మార్చి ఇంజన్‌తోనే వేగాన్ని అదుపు చేయాలి. వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డు దాటిన వెంటనే, నెమ్మదిగా పోతూ పెడల్‌ను కొద్ది దూరం తేలికగా నొక్కి ఉంచితే లైనర్లు ఆరి బ్రేకు మళ్లీ పడుతుంది.