విండోస్ పక్కనే లినక్స్ వేస్తున్నారా? బూట్‌లోడర్ (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్‌నో లినక్స్‌నో మొదలుపెట్టే ప్రోగ్రామ్) దగ్గర ఈ జాగ్రత్తలు

• ముందు ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే అక్కరకు రాదు.

• విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్ చేసినా విండోస్‌ను పూర్తిగా ఆపని సెట్టింగ్) ఆపేయండి.

• విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉందో, లెగసీ (పాత పద్ధతి) అని ఉందో చూడండి. లినక్స్ ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్‌నూ అదే పద్ధతిలో బూట్ చేయాలి.

• బూట్‌లోడర్‌గా గ్రబ్ వాడాలా, సిస్టమ్‌డీ-బూట్ వాడాలా? రెండోది యూఈఎఫ్ఐ ఉంటేనే పనిచేస్తుంది. కొత్తవాళ్లకైతే నా ఓటు గ్రబ్‌కే.

• అసలు టెన్షన్ ఇక్కడే. బూట్‌లోడర్ ఎక్కడ పెట్టాలని ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు డిస్క్ పేరుతో పాటు సైజు కూడా చూడండి. ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ రకం) డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ‘ఎస్‌డీఏ’ (sda) అని కనిపించేది మీ పెన్‌డ్రైవే కావచ్చు! లెగసీలో మొత్తం డిస్క్‌ను ఎంచుకోవాలి, ‘ఎస్‌డీఏ1’ లాంటి పార్టిషన్‌ను (డిస్క్‌లో ఒక భాగాన్ని) కాదు. యూఈఎఫ్ఐ అయితే విండోస్ వాడుతున్న ఈఎఫ్ఐ పార్టిషన్‌నే చూపించండి, కానీ ఫార్మాట్ టిక్ తీసేయండి. అది ఉంచేస్తే విండోస్ బూట్ ఫైళ్లు గోవిందా.

• పని అయ్యాక పెన్‌డ్రైవ్‌ను వెంటనే చెరిపేయకండి. గ్రబ్ మొరాయిస్తే రిపేర్ చేయడానికి అదే కావాలి.