వచ్చిపోయే లోపం – 4వ పాఠం: చెరిపేసిన కోడ్, జాబ్ కార్డులో ఆ ఒక్క లైను

కారులో ఒకసారి వచ్చి ఒకసారి రాని లోపాన్ని సర్వీస్ సెంటర్‌వాళ్లకి ఎలా పట్టించాలో చెప్పే పాఠాలివి. టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు టెస్టు ఎలా చేయించాలో ఈసారి చెబుతానని మాటిచ్చాను. దాన్ని ఐదో పాఠానికి జరుపుతున్నాను. మూడో పాఠం చదివి, కారుకి తగిలిస్తే దాని కంప్యూటర్ గుర్తించిన లోపాల కోడ్‌లు చూపించే స్కానర్ కొన్నవాళ్లలో చాలామంది కోడ్ చదివారు, ఫోటో తీసుకున్నారు, ఆ వెంటనే పక్కనున్న ఇరేజ్ బటన్ నొక్కారు. డ్యాష్‌బోర్డు మీది ఇంజిన్ లైటు ఆరిపోయింది. రెండు రోజులాగి సర్వీస్ సెంటర్‌కి వెళితే "కోడ్ ఏమీ లేదండీ, బండి బాగానే ఉంది" అని తాళాలు చేతిలో పెట్టారు. ఇందులో తప్పు నాది. నొక్కొద్దని ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్లిపోయాను తప్ప, నొక్కితే ఏం పోతుందో చెప్పలేదు.

ముందు అది చూద్దాం.

కోడ్ అంటే ఊరి పేరు మాత్రమే. ఇంటి నంబరు ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటుంది. ఇంజిన్ కంప్యూటర్ లోపాన్ని పట్టుకున్న క్షణంలో కారు వేగం, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఎంత వేడిగా ఉంది, ఇంజిన్ మీద ఎంత లోడు ఉంది వంటివన్నీ కలిపి దాచిపెడుతుంది. అదే ఫ్రీజ్ ఫ్రేమ్. పి0301 అనే కోడ్‌నే తీసుకోండి. మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్ అయిందని, అంటే ఇంధనం సరిగా మండలేదని దాని అర్థం. ఆ క్షణంలో కూలెంట్ 24 డిగ్రీలు ఉంటే, చల్లని ఇంజిన్‌ని స్టార్ట్ చేసినప్పుడు వచ్చిన లోపం అన్నమాట. అదే కోడ్‌కి కూలెంట్ 96 డిగ్రీలు, వేగం సున్నా ఉంటే, ఇంజిన్ బాగా వేడెక్కి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వచ్చింది. కోడ్ ఒకటే అయినా వెతకాల్సిన తీరు వేరు. మీ ఫోటోలో కోడ్ ఉంది, ఈ అంకెలు లేవు. బటన్ నొక్కడంతో అవి పోయాయి.

ఇంకొకటి కూడా జరిగింది. చాలా కార్లలో, కోడ్‌లు చెరిపేశాక కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎన్నిసార్లు ఇంజిన్ వేడెక్కిందో కంప్యూటర్ లెక్క పెడుతూ ఉంటుంది. టెక్నీషియన్ స్కానర్ పెట్టగానే "చెరిపేసి 38 కిలోమీటర్లు" అని కనబడితే, బండిలో ఎవరో వేలు పెట్టారని అనుకోవడం సహజం. దాంతో పాటు కారు తన సిస్టమ్‌లను తానే పరీక్షించుకున్న రికార్డు కూడా మొదటికి వచ్చేస్తుంది. బ్యాటరీ టెర్మినల్ పీకి మళ్లీ పెట్టినా చాలాసార్లు ఇదే ఫలితం. పాత బండ్ల మీద నేర్చుకున్న ఆ అలవాటుని వారంటీలో ఉన్న కారు మీద ప్రయోగించకండి.

ఇప్పటికే నొక్కేసినవాళ్లు కంగారు పడొద్దు. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర చెరిపేశారో లోపం సంగతులు రాసుకునే లాగ్ పుస్తకంలో రాయండి. సర్వీస్ సెంటర్‌లో మీ ఫిర్యాదు రాసుకునే అడ్వైజర్‌కి ఆ మాట దాచకుండా చెప్పండి, పాత ఫోటో చూపించండి. కొన్ని కార్లలో పర్మనెంట్ కోడ్ అని వేరే విభాగం ఉంటుంది. లైటు వెలిగించిన కోడ్ మనం ఇరేజ్ నొక్కినా అక్కడ మిగిలే ఉంటుంది, లోపం లేదని కారుకి నమ్మకం కుదిరాకే పోతుంది. అది కూడా చూడండి. సర్వీస్ సెంటర్‌లో "అన్ని మాడ్యూల్స్ స్కాన్ చేసి ప్రింట్ ఇవ్వండి" అని అడగండి. మనం కొనే చిన్న స్కానర్లు చాలావరకు ఇంజిన్ దగ్గరే ఆగిపోతాయి. కంపెనీ స్కానర్ బ్రేకులు, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్, డోర్లు, స్క్రీన్ అన్నింటి కంప్యూటర్లనూ పలకరిస్తుంది.

ఇంకా నొక్కనివాళ్లకి ఒక లెక్క. ఇంజిన్‌కి సంబంధించిన చాలా లోపాల విషయంలో, ఒకసారి కనబడితే కంప్యూటర్ దాన్ని పెండింగ్‌లో పెట్టుకుంటుంది. తర్వాతి ప్రయాణంలో మళ్లీ కనబడితేనే లైటు వెలిగిస్తుంది. అందుకే బండి కుదిపినా లైటు రాలేదంటే లోపం లేదని అర్థం కాదు, పెండింగ్ విభాగం చూడాలి. లోపం లేకుండా వరసగా మూడు ప్రయాణాలు సాగితే లైటు దానంతట అదే ఆరిపోతుంది. కోడ్ మాత్రం వెంటనే పోదు, 40 వార్మప్‌ల వరకు ఉంటుంది. చల్లగా ఉన్న ఇంజిన్ కనీసం 22 డిగ్రీలు పెరిగి, 70 డిగ్రీలు దాటితే ఒక వార్మప్. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దూరం నడిపేవాళ్లకి అది 20 రోజులు. పక్క వీధి దాకా వెళ్లొచ్చేవాళ్లకి ఇంకా ఎక్కువ, ఇంజిన్ అంత వేడెక్కదు కాబట్టి. లైటు ఆరిపోయింది కదా అని సర్వీస్ అపాయింట్‌మెంట్ రద్దు చేసుకున్నవాళ్లు ఈ లెక్క మళ్లీ చదవండి, సాక్ష్యం ఇంకా కారులోనే ఉంది. ఇంజిన్ లేకుండా బ్యాటరీతోనే నడిచే కార్లకి ఈ వార్మప్ లెక్క వర్తించదు. బ్రేకులు, స్టీరింగ్ వంటి వాటి కోడ్‌లు ఎంతకాలం ఉంటాయన్నది ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి.

స్కానర్‌ని పని కాగానే పీకేయండి. రోజుల తరబడి అక్కడే ఉంచితే బ్యాటరీ తాగుతుంది, ఆపైన లోపం దానివల్లే వచ్చిందనడానికి అవకాశం ఇచ్చినట్టవుతుంది.

ఇక జాబ్ కార్డు, అంటే బండి అప్పగించేటప్పుడు సర్వీస్ సెంటర్‌వాళ్లు మన ఫిర్యాదు రాసుకునే కాగితం. నన్ను అన్నింటికంటే ఎక్కువ బాధపెట్టింది ఇదే. మూడో పాఠం తర్వాత చాలామంది జాబ్ కార్డులో రాయించిన లైను "బ్యాటరీ మార్చాలి". కొందరు "సెన్సర్ ప్రాబ్లం" అన్నారు. కోడ్ చదవడం వచ్చాక రోగం పేరు మనమే చెప్పేయాలనిపిస్తుంది, అది నాకూ తెలుసు. కానీ జాబ్ కార్డు మీద రాసిన మాటకే వాళ్లు జవాబు చెబుతారు. బ్యాటరీ అన్నారు కాబట్టి బ్యాటరీ టెస్టర్ పెడతారు, బాగుందని వస్తుంది, "బ్యాటరీ ఓకే" అని రాసి కార్డు మూసేస్తారు. వాళ్ల పని పూర్తయింది. పొద్దున స్టార్ట్ కాకపోవడం అనే అసలు సంగతి ఏ కాగితం మీదా లేదు.

పార్టు పేరు చెప్పకండి. ఏం జరిగిందో చెప్పండి.

"బ్యాటరీ వీక్" బదులు ఇలా: "రాత్రంతా నిలిపి ఉంచాక పొద్దున స్టార్ట్ బటన్ నొక్కితే టకటకమని శబ్దం వచ్చింది, ఇంజిన్ తిరగలేదు. రెండోసారికి స్టార్ట్ అయింది. 11 రోజుల్లో 3 సార్లు."

"గేర్‌బాక్స్ ప్రాబ్లం" బదులు: "అరగంట నడిపాక, ఆగడానికి వేగం తగ్గిస్తుంటే గంటకు 20 కిలోమీటర్ల దగ్గర వెనక నుంచి తోసినట్టు కుదుపు. బండి చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారీ రాలేదు."

"స్క్రీన్ హ్యాంగ్" బదులు: "రివర్స్ వేస్తే కెమెరా బొమ్మ రాదు, స్క్రీన్ నల్లగా ఉంటుంది. ఫోన్ కేబుల్ పెట్టి ఉన్నప్పుడే జరుగుతోంది." ఇందులో ఆ చివరి వాక్యం టెక్నీషియన్‌కి సగం రోజు మిగులుస్తుంది.

"ఎలక్ట్రికల్ ఫాల్టు" బదులు: "వాన పడిన మర్నాడు ఎడమ వెనక డోరు మూసి ఉన్నా తెరిచి ఉందని లైటు. ఎండెక్కాక ఆరిపోతుంది."

అడ్వైజర్ మీ మాట విని తన మాటలో కుదించేస్తాడు. రెండు నిమిషాలు చెప్పింది "సౌండ్ కంప్లైంట్" అయిపోతుంది, లేదా "జనరల్ చెకప్". అతనికి వెనక పది బండ్లు ఉంటాయి కాబట్టి కోపం తెచ్చుకోవద్దు. నా పద్ధతి చెబుతాను. నాలుగు లైన్లు ఇంట్లోనే కాగితం మీద రాసుకెళతాను. ఉన్నదున్నట్టు టైప్ చేయమంటాను. చోటు లేదంటే నా కాగితాన్నే కార్డుకి పిన్ను కొట్టించి, రెండింటి మీదా సంతకాలు పెట్టిస్తాను. సంతకానికి ముందు ఫోటో తీస్తాను. ఇందుకు నాకు ఏ యాప్ మీదా నమ్మకం లేదు, కాగితమే.

ఇంకో పట్టింపు ఉంది, దాన్ని మాత్రం వదలకండి: ప్రతిసారీ అవే మాటలు. ఒకే లోపానికి మూడుసార్లు వెళ్లి మూడు కార్డుల మీద "స్టార్టింగ్ ట్రబుల్", "బ్యాటరీ వీక్", "జనరల్ చెకప్" అని ఉంటే, కాగితం ప్రకారం అవి మూడు వేరువేరు లోపాలు, ఒక్కోదానికి ఒక్కో ప్రయత్నం. ఒకే లోపాన్ని ఎన్నిసార్లు బాగుచేయడానికి ప్రయత్నించారన్న లెక్క మీద కొనుగోలుదారు హక్కులు ఆధారపడే దేశాలున్నాయి. అలాంటి చట్టం లేనిచోట కూడా, వారంటీ గడువు దాటాక "ఈ లోపం అప్పటినుంచీ ఉంది" అని చూపించడానికి ఆ కాగితాలే దిక్కు.

నాకే జరిగింది. కొత్త కారు, రెండో నెల. పార్కింగ్‌లోంచి తిప్పి బయటకు తీస్తుంటే స్టీరింగ్ ఒక్కసారిగా బండలా బిగుసుకుని, పసుపు లైటు వెలిగేది. ఆపి స్టార్ట్ చేస్తే మామూలే. మూడుసార్లు తీసుకెళ్లాను. కార్డుల మీద "స్టీరింగ్ నాయిస్", "వీల్ అలైన్‌మెంట్", "జనరల్ చెకప్". మూడుసార్లూ ఏమీ దొరకలేదు. నాలుగోసారి కాగితం రాసుకెళ్లాను: "స్టార్ట్ చేసిన మొదటి రెండు నిమిషాల్లో, ఏసీ ఆన్‌లో ఉండి, నిలబడిన చోటే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు. 6 సార్లలో 6 సార్లూ ఇంతే." టెక్నీషియన్ అది చదివి స్టీరింగ్ వైపు వెళ్లలేదు. కదలకుండా తిప్పినప్పుడే ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఎక్కువ కరెంటు లాగుతుంది కదా అని బ్యాటరీ కింది ఎర్త్ వైరు పట్టుకుని కదిపాడు. నట్టు వదులుగా ఉంది. బిగించాడు, అంతే, మళ్లీ రాలేదు. ఆ కాగితంలో స్టీరింగ్ మోటార్ అని నేను రాసి ఉంటే మోటార్ విప్పేవాడు.

ఏమీ దొరకలేదన్నప్పుడు కూడా కాగితం లేకుండా బయటకు రావద్దు. "సమస్య కనిపించలేదు కాబట్టి కాగితం ఏమీ ఇవ్వట్లేదు, తీసుకెళ్లండి" అంటారు. మీ నాలుగు లైన్లు, తేదీ, కిలోమీటర్లు, వాళ్లు ఏం పరీక్షించారో, "లోపం కనిపించలేదు" అన్న మాట, ఈ అయిదూ ఉన్న కాగితం అడిగి తీసుకోండి. వారంటీలో ఉండగానే ఫిర్యాదు చేశారనడానికి అది ఆధారం.

పొద్దున మాత్రమే వచ్చే లోపమైతే కారుని ముందురోజు సాయంత్రమే అప్పగించండి. మీరు నడుపుకుంటూ వెళ్లిన వేడి ఇంజిన్‌లో వాళ్లకి ఏమీ కనబడదు.

పాఠంతో సంబంధం లేకపోయినా ఒకటి చెప్పాలి. నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోవడం, బ్రేకు పెడల్ లోపలికి పోవడం, స్టీరింగ్ పట్టేయడం జరిగితే సాక్ష్యం కోసం మళ్లీ రప్పించే ప్రయత్నం చేయవద్దు. బండి పక్కకి ఆపి, టోయింగ్ పిలిపించి పంపండి. మామూలు లోపానికి కూడా వీడియో పక్కనున్నవాళ్లే తీయాలి, లేదా బండి ఆపాక మీరు తీయాలి.

సాధన. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. వచ్చే 40 స్టార్టులు, ఒక్కటీ వదలకుండా రాయండి. లోపం వచ్చినప్పుడే కాదు, రానప్పుడు కూడా. కిందటిసారి మీరు పంపిన లాగ్‌లలో లోపం వచ్చిన రోజులే ఉన్నాయి. ఏసీ ఆన్‌లో ఉన్న అయిదు రోజులూ లోపం వచ్చిందని రాశారు, మిగతా రోజుల్లో ఏసీ వేశారో లేదో లేదు. అలాంటి లాగ్‌తో ఏదీ తేలదు.

ఒక్కో స్టార్టుకి ఒక వరస: తేదీ, టైము, బండి ఎన్ని గంటలు నిలిచి ఉంది, బయట చల్లగా ఉందా వేడిగా ఉందా, వాన తడి ఉందా, స్టార్ట్ చేసేముందు బ్యాటరీ వోల్టేజీ, ఏసీ, లైట్లు, ఫోన్ కేబుల్, ట్యాంకులో ఎంత ఇంధనం, లోపం వచ్చిందా లేదా, వస్తే ఎన్నో నిమిషంలో. వోల్టేజీ రాత్రంతా ఆగి ఉన్న బండిలో, డోరు తెరిచి లైట్లు వెలగకముందే చూడాలి. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి వచ్చిందంటే సగమే మిగిలినట్టు. నేను బండి ఆపగానే ఫోన్లో మాట రికార్డు చేసుకుని, రాత్రికి పుస్తకంలో ఎక్కిస్తాను. మీకు ఎలా వీలైతే అలా చేయండి కానీ జ్ఞాపకం మీద మర్నాడు రాయొద్దు.

40 నిండాక లోపం వచ్చిన వరసల్ని ఎర్ర ఇంకుతో చుట్టండి. వాటన్నింటిలో ఒకేలా ఉండి, మిగతా వరసల్లో అరుదుగా కనబడే గడి ఏదో వెతకండి. దాని ఆధారంగా నాలుగు లైన్లు రాయండి, పార్టు పేరు ఒక్కటి కూడా రాకుండా. రోడ్డు టెస్టు పాఠంలో టెక్నీషియన్ చేతికి ఇచ్చేది ఆ కాగితమే.