తలుపు కింద జానెడు మేర పాలిష్ లేచిపోతోందా? డబ్బా మార్చేముందు అడుగు అంచు తడమండి

వానలు వెలిశాయంటే విజయవాడలో నాకు ఒకటే రకం ఫోన్లు. "సంక్రాంతికే కదండీ సింహద్వారానికి పాలిష్ చేయించాం, అప్పుడే పెచ్చులు లేస్తోంది, ఏ కంపెనీది వేస్తే ఆగుతుంది?" అని. కంపెనీ సంగతి తర్వాత, ముందు ఎక్కడ లేచిందో చెప్పండి అంటే దాదాపు అందరి జవాబూ ఒకటే. కింద. పైనంతా అద్దంలా ఉంటుంది, కింద జానెడు మేర మాత్రం నల్లబడి, గోరుతో గీకితే చాలు పొరలుగా ఊడొస్తుంది.

కింద మాత్రమే పోతే తప్పు డబ్బాది కాదు. తలుపు తెరిచి కింది అంచు తడమండి, లేదా ఫోన్ నేలమీద పెట్టి పైకి ఒక ఫొటో తీయండి. నున్నగా ఉంటే సరే. రంపంతో కోసింది కోసినట్టే గరుగ్గా తగిలితే మీ రోగం అదే. అర నిమిషం పని, అయినా ఎవరూ చెయ్యరు. మేస్త్రీలు కూడా చెయ్యరు, తలుపు బిగించాక ఆ అంచు ఎవరికీ కనబడదు కాబట్టి.

నేనూ దీని దగ్గర దెబ్బతిన్నవాణ్ణే. సత్యనారాయణపురంలో ఒక టేకు తలుపుకి రెండుసార్లు పాలిష్ వేశాను, రెండోది ఊరికే. రెండుసార్లూ వానాకాలం దాటలేదు. మూడోసారి బందులు ఊడదీసి తలుపు పడుకోబెడితే అడుగున పచ్చి చెక్క, అదీ తడిసి నల్లగా. అప్పుడు అడిగాను, "అమ్మా, గడప ఎలా కడుగుతారు?" అని. "ఎలా ఏముంది బాబూ, శుక్రవారం శుక్రవారం చెంబుతో నీళ్లు పోసి కడిగి పసుపు రాస్తాను" అన్నారావిడ. ఆ నీళ్లు గడప మీద నిలిచి, తలుపు మూయగానే అంచుకి అంటుకుంటున్నాయి. తలుపు చట్రంలో నిలువు పట్టీలు కింద అడ్డంగా కోసి ఉంటాయి, అక్కడ చెక్కలోని సన్న గొట్టాలన్నీ నోళ్లు తెరుచుకుని ఉంటాయి, వత్తి నూనె పీల్చినట్టు పీలుస్తాయి. నలుపు ముందు రెండు మూలల్లో మొదలయ్యేది అందుకే. లోపలికెక్కిన తేమ ఎండ తగలగానే బయటికి రావాలని చూస్తుంది, పైన పాలిష్ పొర అడ్డం, దాంతో పొరే లేచిపోతుంది. అంటే ఎంత ఖరీదైన పాలిష్ వేస్తే అంత అందంగా లేస్తుంది! సియాటిల్‌లో ఉండే మా బావమరిది ఇంటి వెనక చెక్క వరండాకి స్టెయిన్ (చెక్కకి పట్టించే రంగు) వేసి ఇదే గోల పెట్టాడు. అక్కడ చలి, నెలల తరబడి తుంపర, చెక్క సరిగ్గా ఆరే రోజులే తక్కువ, పైగా పలకల కోసిన చివరలు వదిలేశాడు. అలాంటి చోట పైన పొర కట్టే రకం కన్నా చెక్కలోకి ఇంకే నూనె స్టెయిన్ నయం, లేచిపోవడానికి పొరంటూ ఉండదు.

ఇక మన తలుపు సంగతి. ఊడదీసి నీడలో, గాలి ఆడేచోట నిలబెట్టండి. వారమైనా, మూడు వారాలైనా, ఆరేదాకా. తేమ మీటర్ ఉంటే 15 శాతం లోపుకి రావాలి. లేదంటే నల్లబడిన చోట పాలిథిన్ ముక్క నాలుగువైపులా టేపుతో అతికించి రాత్రంతా వదిలెయ్యండి, పొద్దున లోపల చెమ్మ పట్టి ఉంటే ఇంకా ఆరలేదు. తడి మీద సీల్ చేస్తే నీళ్లకి తాళం వేసినట్టే. ఆరాక పాత పొర గీకేసి 80, 120, 180 నంబర్ల ఉప్పు కాగితం వరసగా పట్టి, థిన్నర్ గుడ్డతో తుడవండి. అడుగు అంచుకి మొదటి కోటు బాగా పలచన చేసి పట్టించండి, తాగేస్తుంది, మళ్లీ పట్టించండి, తాగడం మానేదాకా. ఆ తర్వాతే మామూలు కోట్లు. ద్వారబంధం కాళ్లు నేలను తాకే చోటా ఇదే పని, ఊడదీయలేం కనక సన్న బ్రష్‌తో. గడప కడగడం మానక్కర్లేదు, కడిగాక పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు.

ఈ పనికి సంక్రాంతి తర్వాత నుంచి మార్చి దాకా మంచిది. మేలో పడమటి తలుపుకి మధ్యాహ్నం వేస్తే బుడగలొస్తాయి.

పైభాగం వెలిసి పగుళ్లిస్తే అది ఎండ దెబ్బ. రంగులేని క్లియర్ బదులు కాస్త షేడ్ ఉన్న ఎక్స్‌టీరియర్ పీయూ (పాలీయురేథేన్ పాలిష్, బయటి తలుపులకి వేసే రకం) వేయించండి, ఆ రంగే ఎండని ఆపుతుంది. మెలమైన్ రకం పాలిష్ లోపలి తలుపులకే. ఎన్ని రోజులైనా జిగురుగా ఉందంటే టేకు చెక్కలో సహజంగా ఉండే నూనె వల్ల, థిన్నర్‌తో తుడవకుండా వేశారు. తెల్లగా మంచు పట్టినట్టుంటే ముసురు రోజు వేసుంటారు. మేకుల చుట్టూ నల్ల మచ్చలంటే అది మేకుల ఇనుము వల్ల. తట్టినప్పుడు డొల్లగా మోగితే చెదలు, పాలిష్ మాట పక్కనపెట్టి ముందు చెదల మందు కొట్టేవాళ్లను పిలవండి.