కొత్తగా కరాటే క్లాసు పెట్టే మన సీమ మాస్టర్లకు: పిల్లోళ్ళకు ఎట్ల నేర్పాల

బ్లాక్ బెల్ట్ రాగానే మనోళ్ళు చాలామంది చేసే మొదటి పని ఒక ఫ్లెక్సీ కొట్టించడం, రెండో పని ఏదో ఒక స్కూలు గ్రౌండో కల్యాణ మండపం మిద్దెనో మాట్లాడుకోవడం. తప్పేం లేదు. కానీ మనకు చేసేది వచ్చు కాబట్టి నేర్పేది కూడా వచ్చినట్టే అనుకుంటారు చూడండి, ఆడ తేడా కొడుతుంది. కడప, ప్రొద్దుటూరు, కర్నూలు వైపు కొత్తగా క్లాసులు పెట్టే తమ్ముళ్ళు చెల్లెళ్ళు ఫోన్ చేసి అన్నా సిలబస్ పంపు అంటుంటారు. సిలబస్ ఎవరైనా ఇస్తారు గానీ దాన్ని పిల్లోళ్ళకు ఎట్ల ఎక్కించాలో చెప్పేవాళ్ళు తక్కువ, అందుకే ఇది. నాది షోటోకాన్ అనే కరాటే శైలి, పేర్లన్నీ దాని లెక్కనే వస్తాయి, గోజుర్యూ షిటోర్యూ లాంటి వేరే శైలుల వాళ్ళు మీ పేర్లు పెట్టుకొని చదువుకోండి.

నా లెక్క ఒకటే. తక్కువ నేర్పండి, ఎక్కువ రోజులు నేర్పండి, నేర్పిన ప్రతిదాన్నీ ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టి చేయించండి.

ముందు జాగా సంగతి. మన దగ్గర ఏ వరండా చూసినా కడప బండలే, గట్టివి, ఎండకు కాలేవి. బండల మీద జంపింగ్ కిక్కులు, పడేసే టెక్నిక్కులు వద్దు, మ్యాట్లు కొనే వరకు వాటిని పక్కన పెట్టండి. మట్టి గ్రౌండ్ అయితే క్లాసుకు ముందు పిల్లోళ్ళందరినీ వరసగా నిలబెట్టి పల్లేరు కాయలు ఏరించండి, జపాన్‌లో డోజో (కరాటే నేర్పే హాలు) తుడిచే పని స్టూడెంట్లదే, మనకు ఇది ఆ లెక్కలోకే వస్తుంది. ఏప్రిల్, మేలో పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి ఏడుకంతా వదిలేయండి. నీళ్ళు అడిగితే తాగనీయండి, నీళ్ళు తాగకుండా ఓర్చుకోవడమే ట్రైనింగ్ అనేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ మాట వినొద్దు. రంజాన్ నెలలో ఉపవాసం ఉండే పిల్లోళ్ళు మన ఊళ్ళలో ప్రతి బ్యాచ్‌లో ఉంటారు, వాళ్ళకు ఆ నెల పరుగులు, కిక్కుల రౌండ్లు తీసేసి మెల్లగా కటా (ఒక వరసలో ఒంటరిగా చేసే కదలికలు) చేయించండి, వాళ్ళు క్లాసుకు రావడం ఆగిపోకుంటే అదే చాలు.

మొదటి నెల కటా ఊసే ఎత్తొద్దు. వంగి నమస్కారం చేసేది, నిలబడేది, పిడికిలి కట్టేది, నేరుగా పంచ్ కొట్టేది, అంతే. పిడికిలి అంటే నాలుగు వేళ్ళూ గట్టిగా ముడిచి బొటనవేలు బయట నుంచి పెట్టాల, లోపల పెట్టి కొడితే వేలు విరుగుతుంది. తగలాల్సింది చూపుడు వేలు, మధ్య వేలు మొదట్లో ఉండే రెండు కణుపులు, మణికట్టు వంగకూడదు. ఇది నోటితో చెప్తే పిల్లోళ్ళకు పట్టదు, మీరు అరచెయ్యి అడ్డం పెట్టి ఒక్కొక్కరితో మెల్లగా ఆనించమనండి, మణికట్టు వంగినోడికి వాడికే తెలుస్తుంది. ఒక చెయ్యి ముందుకు పోయేటప్పుడు ఇంకో చెయ్యి నడుము దగ్గరికి లాగుతాం కదా, హికితే అంటారు, అది ఎందుకో మొదటి వారమే చూపించండి. ఎదుటోడి చెయ్యి పట్టుకొని లాగుతూ కొట్టేది అది. జంటగా ఒకసారి చేయిస్తే చాలు, ఇంక జన్మలో చెయ్యి గాల్లో వదిలేయరు. ఈ ముక్క చెప్పకుండా సంవత్సరాల తరబడి "చెయ్యి లాగు, చెయ్యి లాగు" అని అరిచే మాస్టర్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

జెన్‌కుత్సు దాచి (ముందు కాలు వంచి, వెనక కాలు చాపి నిలబడేది) దగ్గర ఎక్కువ టైం పెట్టండి, ఆడనే పునాది. ముందు మోకాలు పాదం మీదికి రావాల, లోపలికి పడకూడదు, వెనక కాలు చాపి మడమ నేలకు ఆనాల, రెండు పాదాల మధ్య అడ్డంగా భుజాలంత వెడల్పు ఉండాల. చాలామంది పిల్లోళ్ళు తీగ మీద నడిచేటోళ్ళ లెక్క రెండు పాదాలూ ఒకే గీత మీద పెడతారు, పక్క నుంచి ఒక వేలితో నెట్టినా పడిపోతారు. అందుకే నెట్టి చూడండి. ముందు నుంచి, పక్క నుంచి, ఒకరినొకరు నెట్టమనండి, నవ్వుకుంటూ ఆడుకుంటూ వాళ్ళే సర్దుకుంటారు, మీరు గొంతు చించుకునే పని ఉండదు.

ఇప్పుడు కటా. మనం మొదట నేర్పే హెయాన్ కటాలు ఐదింటినీ (ఒకినావాలో పినాన్ అంటారు) తయారు చేసింది ఇతోసు అంకో, 1900ల మొదట్లో కరాటేను ఒకినావా స్కూళ్ళలోకి తెచ్చింది కూడా ఆయనే. అంటే ఇవి స్కూలు పిల్లోళ్ళ కోసమే పుట్టినవి. అంతకు ముందు పద్ధతి వేరే, గురువు దగ్గర కొద్దిమందే ఉంటారు, ఒక్క కటానే ఏళ్ళ తరబడి చేయిస్తాడు. 1922లో ఒకినావా నుంచి టోక్యో పోయి కరాటే చూపించిన ఫునాకోషి గిచిన్ అంతటాయన మూడు తెక్కి కటాల మీదనే పదేళ్ళు గడిపినానని చెప్పుకున్నాడు. మన దగ్గర మూడు నెలలకొక కటా, దానికొక బెల్టు. ఆ పాత పద్ధతి మొత్తం మనకు కుదరదు, ఫీజు కట్టే తల్లిదండ్రులు ఊరుకోరు, కానీ ఒక కటా ఆరు నెలలైనా చేయించొచ్చు కదా.

ఆ ఐదింట్లో మొదటిదైన హెయాన్ షోదాన్ నేర్పేటప్పుడు చేతులు లేకుండా మొదలుపెట్టండి. చేతులు నడుం మీద పెట్టుకొని కాళ్ళతోనే ఆ దారంతా నడవాల, యాడ తిరగాల, ఏ కాలు ముందు అనేది ఒంటికి పట్టాల. తర్వాత చేతులు, ఇచి ని సాన్ (ఒకటి రెండు మూడు) అని మీ కౌంట్‌కు. తర్వాత కౌంట్ లేకుండా. ఆ తర్వాత అసలు పరీక్ష, అందరినీ రోజూ నిలబడే దిక్కు కాకుండా వెనక్కి తిప్పి చేయమనండి, సగం మంది దారి తప్పుతారు, ఎందుకంటే వాళ్ళు నేర్చుకున్నది కటా కాదు, వాటర్ ట్యాంక్ వైపు తిరుగు, గేటు వైపు తిరుగు అని గుర్తు పెట్టుకున్నారు అంతే.

ఇంక బుంకాయ్, అంటే ఏ కదలిక దేనికో. ఇది బ్లాక్ బెల్ట్ వాళ్ళకు మాత్రమే అని దాచిపెట్టే రకం మాస్టర్లతో నాకు పడదు. హెయాన్ షోదాన్‌లో కుడి వైపు గెదాన్ బరాయ్ (కిందికి చేసే బ్లాక్) అయ్యాక కాలు వెనక్కి లాగి చెయ్యి గుండ్రంగా తిప్పి పిడికిలితో పైనుంచి సుత్తి దెబ్బ వేస్తాం చూడండి, ఎనిమిదేళ్ళ పిల్ల మణికట్టు పట్టుకొని ఇప్పుడు ఆ కదలిక చెయ్యమ్మా అనండి, చెయ్యి విడిపోతుంది, ఆ పిల్ల ముఖం చూడండి. ఆ రోజు నుంచి కటా చెయ్యమంటే మూలగరు.

కుమితే, అంటే జంటగా తలపడే విషయంలో తొందరపడొద్దు. గోహోన్ కుమితేతో మొదలు, ఒకరు ఐదడుగులు ముందుకొస్తూ ముఖం వైపు ఓయ్ జుకి (అడుగేస్తూ ముందు చేత్తో కొట్టే పంచ్), ఇంకొకరు వెనక్కి పోతూ అగే ఉకే (పైకి లేపే బ్లాక్), ఐదోదానికి గ్యాకు జుకితో (వెనక చేతి పంచ్) జవాబు. దీంట్లో గమనించాల్సింది బ్లాక్ కాదు, దాడి. మొహమాటానికి పక్కకు కొడుతుంటారు, అట్ల కొడితే ఎదుటోడు బ్లాక్ చేయకున్నా తగలదు, వాడేం నేర్చుకుంటాడు? ముక్కుకు సూటిగా రావాల, తగలక ముందే ఆగాల. ఆపగలగడమే కంట్రోల్. జంటలను ప్రతి రెండు నిమిషాలకు మార్చండి, పొడుగోళ్ళతో పొట్టోళ్ళు, ఆడపిల్లలతో మగపిల్లలు, దూరం అంచనా అట్లనే వస్తుంది. ఆ తర్వాత ఒక్క అడుగు ఇప్పోన్ కుమితే, ఫ్రీ ఫైట్ మాత్రం కంట్రోల్ కనిపించినాకనే, అదీ గ్లవ్స్, మౌత్ గార్డ్ పెట్టి, అప్పుడు మాత్రం వయసూ బరువూ చూసి జంట కట్టి. చిన్నపిల్లోళ్ళకు తల మీద దెబ్బలు అసలు వద్దు.

కొన్ని మన దగ్గర బాగా అలవాటైపోయినవి ఉన్నాయి, మానేయాల్సినవి. కాళ్ళు చాపి కూర్చోబెట్టి తొడల మీద ఇంకొకరిని ఎక్కించి తొక్కించడం, గజ్జల దగ్గర కండ చిరిగితే నెలల పాటు మానదు. బండల మీద పిడికిళ్ళతో పుషప్స్, ఎదిగే పిల్లోళ్ళ ఎముకలు ఇంకా లేతగా ఉంటాయి, అరచేతులతో చేస్తే సరిపోతుంది. పెంకులకు పెట్రోలు పోసి మంట పెట్టి పగలగొట్టడం, పొట్ట మీద నుంచి బైకు పోనీయడం. యాన్యువల్ డేలో చప్పట్లు బాగానే పడతాయి, కానీ దాంట్లో కరాటే యాడుందో నాకైతే కనపడదు. బెత్తం కూడా.

బెల్టుల గురించి తల్లిదండ్రులతో చేరిన రోజే మాట్లాడండి. "సార్, బ్లాక్ బెల్ట్ ఎన్నాళ్ళకు వస్తుంది" అనేది మొదటి ప్రశ్న, ఫీజు కన్నా ముందే అడుగుతారు. వారానికి మూడు రోజులు మానకుండా వస్తే నాలుగైదేళ్ళు అని చెప్పండి, పోయేవాళ్ళు పోనీ. బెల్టులు వేల ఏళ్ళ నాటి పవిత్రమైనవేం కాదు, దాన్ గ్రేడులు (బ్లాక్ బెల్ట్ స్థాయిలు) జూడో పెట్టిన కానో జిగొరో మొదలుపెట్టినవి, ఫునాకోషి తన స్టూడెంట్లకు మొదటిసారి ఇచ్చింది 1924లో. టెస్ట్ ఫీజు ఎంతో, ఏ బెల్టుకు ఏం రావాలో ఒక పేపర్ మీద రాసి ముందే ఇచ్చేయండి. రానోడిని ఫెయిల్ చేయండి, కానీ ఏం తక్కువైందో వాడి పక్కన కూర్చొని చెప్పండి. పదో తరగతి పరీక్షలకు మూడు నెలలు మానేసి వచ్చినోడిని వెనక వరసలోకి తోయకండి, పాత బెల్టుతోనే పాత జాగాలో నిలబడనీయండి.

సమ్మర్ క్యాంపుకు నెల రోజుల కోసం వచ్చే గుంపు వేరే లెక్క. వాళ్ళకు కటా పూర్తిగా నేర్పాలని ఆశపడొద్దు. నిలబడేది, పంచ్, మయె గెరి (ముందుకు తన్నే కిక్), చెయ్యి పట్టుకుంటే విడిపించుకునేది, గట్టిగా కియాయ్ (కొట్టేటప్పుడు పెట్టే కేక) అరిచేది, ఇవి చాలు. కియాయ్ అరవడానికి సిగ్గుపడే ఆడపిల్లలుంటారు, వాళ్ళను ఒంటరిగా నిలబెట్టి అరవమనకండి, గుంపులో అరిపించండి, పది రోజులకు వాళ్ళ గొంతే పైకి వినిపిస్తుంది. చివరి రోజు అమ్మానాన్నలు ఫోన్లు పట్టుకొని వస్తారు కదా, పెంకులు తీసుకురాకుండా వాళ్ళనే ముందుకు పిలిచి, నీ కూతురి మణికట్టు గట్టిగా పట్టుకో నాయనా అనండి.