కొత్త ఇన్సర్ట్ (లేత్ టూల్‌కి బిగించే కోత ముక్క) వేశాక మొదటి పీస్ స్క్రాప్ కాకుండా
ఒంగోలు, చీమకుర్తి వైపు గ్రానైట్ మెషిన్ల షాఫ్టులు, రోలర్లు టర్నింగ్ చేసే తమ్ముళ్లకి ఒక చిన్న చిట్కా, ఫానుక్ కంట్రోల్ ఉన్న సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్‌తో నడిచే లేత్) మీద చేసేవోళ్లకి. ఓడీ (పీస్ బయటి వ్యాసం) మీద సన్నగా కట్ తీసి, ఎక్స్ (వ్యాసం వైపు కదలిక) కదపకుండా జెడ్‌లోనే (పీస్ పొడవు వెంట) వెనక్కొచ్చి, స్పిండిల్ ఆపి మైక్రోమీటర్‌తో కొలిచి టూల్ కొలతలుండే జామెట్రీ పేజీలో ఆ సైజు కొట్టి మెజర్ నొక్కడం అందరికీ తెలిసిందే. అంకె తర్వాత పాయింట్ (దశాంశ చుక్క) మర్చిపోకండి, కొన్ని మెషిన్లలో 45 మి.మీ.కి చుక్క లేకుండా 45 అని ఊరికే కొడితే 45 మైక్రాన్లు అనుకుంటది.

అసలు సంగతి ఏందంటే, ఆ సైజుని నమ్మి నేరుగా ఫినిష్ కట్‌కి పోవద్దు. ముందు వేర్ పేజీలో (టూల్ అరుగుదలకి సవరణ వేసే చోట) పాతది సున్నా చేసి, ఎక్స్‌లో 0.3 మి.మీ. వేసి రన్ చేయండి, పీస్ లావుగానే వస్తది, అదే మనకి కావాల్సింది. 40 రావాల్సిన చోట 40.34 వచ్చిందనుకోండి, -0.34 కొట్టి ప్లస్ ఇన్‌పుట్ (ఉన్నదానికి కలిపే బటన్) నొక్కితే వేర్ -0.04 అవుతది, మళ్లీ అదే ఫినిష్ పాస్ తిప్పితే సైజు. ఉత్త ఇన్‌పుట్ నొక్కారో 0.3 పోయి -0.34 కూర్చుంటది, పీస్ పోయినట్టే. కుర్రోళ్లు ఎక్కువ పప్పులో కాలేసేది ఇక్కడే.

బోర్ (పీస్ లోపలి రంధ్రం) అయితే ఉల్టా, ముందు -0.3 వేయాల. ఇంకోటి, మన రోహిణి ఎండల్లో పీస్ చెయ్యి కాలేంత వేడిగా ఉన్నప్పుడు కొలవబాకండి, చల్లారినాక సైజు తగ్గిపోతది.