సంక్రాంతి నాటకానికి నటుల్ని ఎంచుకునే ముందు

పాత్రలకన్నా ముందు తేదీలు తేల్చుకోండి. తిరుపతిలో సగం చిక్కు అక్కడే. వైకుంఠ ఏకాదశి సాధారణంగా డిసెంబరు చివర్లోనో జనవరిలోనో పడుతుంది, ద్వార దర్శనం 10 రోజులు. దేవస్థానం ఉద్యోగులకు, పోలీసులకు అప్పుడు సెలవు దొరకడం కష్టం. ఎంత బాగా చేసేవాళ్లయినా వాళ్లకు రెండు సీన్ల పాత్ర చాలు. కనుమనాడు చంద్రగిరి పక్క పల్లెలవాళ్లు పశువుల పండగ వదిలి రారు, ప్రదర్శన భోగి రాత్రికి పెట్టుకోండి.

అయ్యప్ప మాల వేశారా అని అడగడం మరవద్దు. మాల తీసేదాకా గడ్డం తీయరు, కొందరు మకరజ్యోతి దాకా మాలలోనే ఉంటారు. కృష్ణుడి వేషం ఇచ్చాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ లేదు!

పద్యం ఉన్న పాత్రకు హార్మోనియం పెట్టే వినండి. ఫోన్‌లో పాట వెనక పాడితే శ్రుతి తప్పినా దాగిపోతుంది. పద్యం పాడించిన వెంటనే రెండు నిమిషాలు వచనం చెప్పించండి. రాగానికే ఊపిరంతా ఖర్చు చేసేవాళ్లు అక్కడ మాట మింగేస్తారు.

ఇంకా:
- మైకు లేకుండా 20 అడుగుల దూరం నుంచి వినండి.
- పౌరాణికమైతే శ, ష, స తేడా పలకాలి. సాంఘికంలో చిత్తూరు యాసను దిద్దకండి, నవ్వు పుట్టేది దానితోనే.
- పుత్తూరు, కాళహస్తి నుంచి వచ్చేవాళ్లను చివరి బస్సు ఎన్నింటికో అడిగి రిహార్సల్ వేళ పెట్టండి.
- పిల్లలకు ఇంట్లో పెద్దల ఒప్పుదల రాతలో తీసుకోండి.
- ప్రధాన పాత్రకు మారు మనిషి మొదటి రోజు నుంచే డైలాగులు నేర్చుకోవాలి, చివరి వారంలో కాదు.